పెద్దసారు కూర్చోమనే దాకా

పేష్కార్ సాబ్ పోయారని మొన్న మంగళవారం పొద్దున తెలిసింది. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాను. చెప్పినవాడు చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకో జానెడు నేసి గాని లేవలేకపోయాను. లేచి ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలో నాకు తెలియలేదు.

మా నారాయణపేటలో ఆయన్ని ఎరగనివారు లేరు. నిజాం కాలంలో తహసీల్ కచేరీలో అధికారి ముందు కాగితాలు పెట్టిన పేష్కారు. ఉద్యోగం దిగాక ఊరికే ఉండలేక, మా సాలోళ్ళ వాడలో మెట్రిక్ పాసైన ప్రతివాడినీ పిలిచి, ఇంటర్వ్యూలో ఎలా మసలుకోవాలో నేర్పేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. నేర్చుకున్నవాడికి చివరి రోజున ఆయనే ఇంత చాయ్ పోయించేవారు.

వసారాలో ఒక కుర్చీ వేసుకుని అధికారిగా కూర్చునేవారు. ఎదుట ఇంకో ఖాళీ కుర్చీ. చెప్పులు గడప బయటే విడవాలి. వంగి సలాం చేయాలి. అడిగినంతకే జవాబు చెప్పాలి. బయటికి వచ్చేటప్పుడు పెద్దలకు వీపు చూపకుండా మూడడుగులు వెనక్కి నడిచి, ఆ తర్వాతే తిరగాలి. ఇవన్నీ ఒక ఎత్తు, కుర్చీ ఒక్కటీ ఒక ఎత్తు.

"పక్కనోల్లు ఎంతమంది గూసో అన్నా గూసోకు. పెద్దసారు నోరే జూడు. కుర్సీ ఇచ్చేటోడు గాయనొక్కడే" అనేవారు.

నెల రోజులు నడిపించారు నన్ను. వెనక్కి నడుస్తూ వసారా స్తంభానికి ఎన్నిసార్లు గుద్దుకున్నానో! ఆయన విసుక్కోలేదు. మళ్ళీ రా, మళ్ళీ సలాం చెయ్ అనేవారు. మా నాయినకు అప్పటికే చూపు మందగించి పోగులు ఆనడం లేదు. నాకు ఉద్యోగం వస్తే మగ్గం దిగుతానని ఎదురుచూస్తున్నాడు. ఆ సంగతి సాబ్‌కు తెలుసు కాబట్టే నామీద అంత పట్టుదల.

నిజాం పాలన పోయి రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మహబూబ్‌నగర్‌లో ఒక దఫ్తరులో గుమాస్తా ఉద్యోగానికి పిలుపు వచ్చింది. చెప్పులు బయట విడిచి, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళి సలాం చేశాను. బల్ల వెనక ముగ్గురు. నడుమ ఉన్న పెద్దాయన తలెత్తకుండా కాగితాలు చూస్తున్నాడు. పక్కన ఉన్న కుర్రాయన కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మళ్ళీ అన్నాడు. పెద్దాయన నోటికేసి చూస్తూ అలాగే నిలబడ్డాను. నాకు వినబడదేమోనని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. రెండు ప్రశ్నలు అడిగి వెళ్ళమన్నారు. నేను వెనక్కి నడిచాను. రెండో అడుగుకే ముక్కాలిపీట తగిలి, దానిమీది నీళ్ళకుండ భళ్ళున పగిలింది. ముగ్గురూ నవ్వారు. కుర్రాయనైతే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇది దర్బారు కాదయ్యా, ఆఫీసు. తిరిగి నడువు" అన్నాడు పెద్దాయన, మొదటిసారి తలెత్తి.

సాయంత్రం బస్సు దిగేసరికి సాబ్ వసారాలోనే ఉన్నారు. ఎనకకు మంచిగ నడిచినవా అని అడిగారు. నడిచిన సాబ్ అన్నాను. ఏమన్నరు అని ముందుకు వంగారు. ఆ ముసలి ముఖంలోని ఆశ చూసి నా నోరు నిజం పలకలేదు.

"చాన మెచ్చుకున్నరు సాబ్."

అంతే నేను చేసిన పాపం. ఉద్యోగం రాలేదు. పైవాళ్ళ సిఫారసు ఎవరికో ఉందట అని ఇంకో అబద్ధం కలిపాను. మరుసటి ఏడు మా వాడలోనే ఇద్దరిని తయారుచేశారాయన. నన్ను చూపించి, వీడు ఎట్ల నిలవడ్డడో గట్ల నిలవడాలె అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నా నాలుక ఏమైందో! ఇద్దరూ అలాగే నిలబడ్డారు, అలాగే నవ్వులపాలై వచ్చారు. వారిలో ఒకడు బొంబాయి మిల్లుకు పోయే ముందు నా మగ్గం దగ్గరకొచ్చి, నీకూ గిట్లనే అయిందా అని అడిగాడు. తల వంచుకున్నాను. వాడు మళ్ళీ నాతో మాట్లాడలేదు. మా నాయిన చూపు పూర్తిగా పోయేదాకా మగ్గం మీదే ఉన్నాడు.

ఒకసారి సాబ్ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, తను నేర్పే తాలీములో ఏమన్నా కసరు, లోటు ఉందా, నిజం చెప్పమని అడిగారు. ఏం లేదు సాబ్ అన్నాను. అప్పుడైనా చెప్పి ఉంటే ఆయన దిద్దుకునేవారు. అంత బుద్ధిమంతుడాయన. బాధపడతారని దాచాననుకున్నాను గానీ, నా పరువు కోసమే దాచాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

మొన్న మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని ఆ వసారాలోనే పడుకోబెట్టి ఉంచారు. ఆయన భార్య నన్ను చూసి ఏడుస్తూ అంది:

"ఎంతమందికి నేర్పినా నీ ఒక్కని పేరే జెప్పేటోడు బిడ్డా. ఆఫీసర్లు మెచ్చుకున్నరని, తన తాలీము ఒక్కనికన్న పారిందని."

ఎవరో పక్కనుంచి నన్ను కూర్చోమన్నారు. ఇంకెవరో కూడా అన్నారు. నేను కూర్చోలేకపోయాను. సాబ్ ముఖంవైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తర్వాత సలాం చేసి, వీపు చూపకుండా వెనక్కి నడిచాను. మూడో అడుగుకు స్తంభం తగిలింది. ఎవరూ నవ్వలేదు.