నడిరోడ్డు దండం

అలిపిరి దారిలో సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతున్న జనం ఉన్నట్టుండి కొండవైపు తిరిగి నిలబడిపోయారు. వెనక బస్సులు బారులు తీరాయి, ఒక ఆటో డివైడరెక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇదంతా లోకేశ్వరి కంప్యూటర్ తెర మీద, పెద్ద ఇంజనీరు మునిశేఖర్ ఎదుటే జరిగింది. కూడళ్ళలో రాకపోకల్ని ముందుగా ఆడించి చూపే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇదివరకు మనుషులు చీమల్లా ఆగకుండా దాటిపోయేవాళ్ళు. కొత్తగా వచ్చినదాంట్లో ఒక్కొక్కరికీ నడక, నిదానం, నిలుపు ఇవ్వొచ్చు. లోకేశ్వరి నిలుపు ఇచ్చింది. స్కూటర్ మీద పోతూ కూడా కొండ కనబడితే ఒక చెయ్యి వదిలి కళ్ళకద్దుకునే మనిషి ఇంకేమిస్తుంది! రెండుసార్లు కిందపడినా ఆ అలవాటు మానలేదు.

ఈరోజు ఆ నిలుపుకు మునిశేఖర్ ఒప్పుకోకపోతే, జనం ఎక్కడా ఆగరనే పాత లెక్కే ఖాయం. దాటేవాళ్ళకు పచ్చలైటు సగానికి తగ్గుతుంది, ముసలోళ్ళు బస్సుల మధ్య ఇరుక్కుంటారు. అందుకే ఆమె చున్నీ కొసను వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ ఉంది.

మునిశేఖర్ బల్ల గుద్దాడు. "ఏమ్మా, నడిరోడ్లో నిలబడి దండం పెట్టే తిక్కలోళ్ళు యాడైనా ఉండారా? తీసెయ్ వీళ్ళను!"

చున్నీ బిగుసుకుని వేలు నీలమైంది. లోకేశ్వరి లెక్కల కోసం కూడలిలో తీసిన వీడియో తెరిచింది. అందులో జీపు దిగి, చెప్పులు విడిచి, నడిరోడ్డు మీద కళ్ళు మూసుకున్న ఒకాయన దగ్గర ఆపింది.

"తీసేస్తా సార్, ముందు మీతోనే మొదలుపెట్టేదా?"