దొరకదు దానియేలు గారు

దానియేలు గారికి ఈ లోకంలో ఏదీ దొరకదు, ఏదీ రాదు, ఏదీ కాదు. యూనివర్సిటీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు లేత్ మెషీను మీద పనిచేసి రిటైరైన ఆ మనిషిని ఏమడిగినా తల అడ్డంగానే ఊపుతారు. ఆ మెడను నిలువుగా ఊపే కీలు దేవుడు బిగించడం మరిచిపోయాడని క్యాంపసులో అందరం అనుకునేవాళ్లం.

ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు ఆయన ఎదురుపడకుండా లైబ్రరీ చుట్టూ తిరిగి పోయేవారు. తార్నాక స్టాపులో బస్సు కోసం నిలబడితే రాదంటారు. వస్తే మనది కాదంటారు. మనదే అయితే ఎక్కి కూర్చుని, ఇది మెట్టుగూడ దాటదని చెప్పి సికింద్రాబాదుకు టికెట్ తీసుకుంటారు. చర్చిలో పాస్టరు గారు నిరీక్షణ గురించి, అంటే ఆశ వదలకూడదని ప్రసంగిస్తుంటే ముందు బెంచీలో ఈయన తల అడ్డంగా ఊగుతూనే ఉండేదట. పాపం, పాస్టరు గారు ఆ అంశాన్ని ఈస్టరుకు తప్ప ముట్టుకోవడం మానేశారు.

ఇలాంటి మనిషి చేతిలో నా బండిని పెట్టాను.

నేను హిస్టరీ డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. బండి మా మేనమామ వెంకటసుబ్బారావు గారిది. చెకొస్లొవేకియాలో తయారై ఓడెక్కి వచ్చిన 1957 నాటి జావా మోటారు సైకిలు. తండ్రి లేని నన్ను దాని టాంకు మీద కూర్చోబెట్టుకుని మామయ్య రోజూ బడిలో దింపేవారు. ఆయన పోయాక నాకు మిగిలింది ఆ బండి ఒక్కటే. అదేమో తార్నాకలో మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఆరేళ్లుగా అంగుళం కదలలేదు.

దానియేలు గారు ఇంజను విప్పి చూసి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా చేతులు తుడుచుకున్నారు. కార్బురేటర్ లోపల బొటనవేలంత ఇత్తడి గొట్టం ఒకటుంటుంది. స్లైడ్ అంటారు. యాక్సిలరేటర్ తిప్పితే అది పైకి లేచి ఇంజనుకు గాలి వదలాలి. అదే పగిలిపోయింది.

"దొరకది సార్. ఆశ పెట్టుకోకుండ్రి," అన్నారు. "గా దేశమే లేదిప్పుడు. దేశమే లేనప్పుడు స్లైడ్ యాడికెల్లి వస్తది?"

వేరే బండి కార్బురేటర్ తగిలిద్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. అసలు శాసనమేదో దొంగ శాసనమేదో తేల్చి చెప్పడమే నా వృత్తి. డూప్లికేటు ముక్క ఒక్కటి పడినా అది మామయ్య బండి కాదన్నాను. ఒరిజినలే కావాలన్నాను. ఆయన తల ఊపారు, అడ్డంగానే.

అది మొదలు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోను. హలో లేదు, పలకరింపు లేదు. "లేదు సార్" అనేసి పెట్టేసేవారు. ఒకసారి శుక్రవారమే చేసి, ఈ ఆదివారం కూడా లేదని ముందే చెప్పేశారు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఈయన అసలు పాతసామాన్ల దుకాణాలు తిరుగుతున్నారా, బౌద్ధనగర్‌లో ఇంట్లో కునుకు తీస్తూ లేదంటున్నారా అని.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఇంతలో అపార్ట్‌మెంటు సెక్రటరీ కొండలరావు గారు నోటీసు అంటించారు. నడిచేది బండి, నడవనిది సామాను, పార్కింగులో సామాను ఉంచరాదు అని. నెలాఖరు ఉదయానికి నా బండి దానంతటది గేటు దాటకపోతే పాతసామాన్లవాణ్ణి పిలుస్తామన్నారు. ఇచ్చేద్దామండీ, దాన్ని చూసి చూసి మీరే తుప్పు పడుతున్నారని మా ఆవిడ సుప్రజ అంది. నాకు బండి పోతే మామయ్య రెండోసారి పోయినట్టే అనిపించింది.

దానియేలు గారికి సంగతి చెప్పాను. మామూలుగా అయితే ముందే చెప్పానుగా అనాలి. ఏమీ అనలేదు. కనీసం తల కూడా ఊపలేదు. దాంతో నాకు ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ఆయన మా ఇంటికి వచ్చి, జేబులోంచి చిన్న పొట్లం తీశారు.

"దొరికింది సార్."

ఆ మాట అలవాటు లేక గొంతుకు అడ్డం పడి రెండుసార్లు దగ్గారు. మౌలాలి గుట్ట కింద ఎవరో ముసలాయన దగ్గర పాత డబ్బాలో ఉందట. ఆయన్ను కలిసి దండం పెడతానన్నాను. చచ్చిపోయాడన్నారు. ఎప్పుడంటే, ఇందాకే అన్నారు.

పొట్లం విప్పాను. కిలుం పట్టిన ఇత్తడి ముక్క. అంచు చుట్టూ చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు: మేడిన్ చెకొస్లొవేకియా. నా కళ్లు చెమర్చాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను, చరిత్ర చదివినవాడి పాడు అలవాటు. సి పక్కన జెడ్ ఉండాల్సిన చోట హెచ్ ఉంది. బస్సులో టికెట్లు చెక్ చేస్తారే, ఆ చెక్ చెక్కి ఉంది.

ఆయన బొటనవేలికి కట్టు అప్పుడు కనిపించింది. రిటైరైన మనిషి మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లి, బతిమాలి లేత్ ఎక్కి, ఇత్తడి కడ్డీ తొలిచి, ఒక్కో అక్షరం సుత్తితో కొట్టి, ఉప్పునీళ్లలో నానేసి కిలుం పట్టించారు. నాకు ఒరిజినలే కావాలి కాబట్టి. ఇంత చేసిన మనిషి ఇన్నాళ్లూ ఊరంతా వెతికే ఉంటారు. నాకు ఆశ లేదని చెప్పింది, ఆశపడి నేను కుంగిపోతానని. అనుమానించినందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

కనిపెట్టినట్టు తెలియనివ్వకుండా ఆయన చేతికే ఇచ్చి బిగించమన్నాను. నెలాఖరు ఉదయం కొండలరావు గారి ఎదుట నాలుగో కిక్కుకు బండి లేచింది. పార్కింగంతా పొగ కమ్మింది. కొండలరావు గారు దగ్గుకుంటూ, ఇది బండేనని ఒప్పుకున్నారు.

దానియేలు గారిని వెనక ఎక్కించుకుని క్యాంపసంతా చుట్టి, వర్క్‌షాపు ముందు ఆపాను. ఆయన మెల్లగా అడిగారు.

"స్లైడ్ మీద అక్షరాలు చూసిండ్రా సార్?"

"చూశానండి. ఎంత పనితనం! మనవాళ్ల వల్ల ఎక్కడవుతుంది?" అన్నాను, కావాలనే.

"ఎందుకు కాదు సార్?" ఆయన మొహం జేవురించింది. "మనోళ్లు మనసు పెడితే మంచిగ అయితది."

అనేసి నాలుక కరుచుకుని, గబగబా కిందికి వంగి, బాగానే ఉన్న నట్టును బిగించడం మొదలుపెట్టారు.