తీసుకున్నట్టు నమోదైన ఫోను

పాత ఫోను ఇచ్చి కొత్తది తెచ్చుకునే వేళ మనుషులు ఎంత కిందికి దిగుతారో చూడాలంటే మా గల్లీకి రావాలి. ఎదురింటాయన ఫోను నీళ్ల డ్రమ్ములో పడింది. వారం రోజులు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టాడు. ఒకనాడు పొద్దున అది కాసేపు వెలిగింది. ఆ కాసేపట్లోనే మార్పిడికి పెట్టి, వచ్చిన మనిషి చేతిలో పెట్టి పంపించేశాడు. సాయంత్రం అదే ఎదురింటాయన అరుగు మీద కూర్చుని నాయకుల అవినీతి గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. పూర్తిగా విని, ఇంట్లోకి వచ్చి, రెండూ డైరీలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను.

మా బావమరిది అంత మోటు మనిషి కాడు. బ్యాంకులో పనిచేస్తాడు, మా మేడ మీదే కాపురం. తన పాత ఫోను తెర మూలన పగిలితే, పగులు కనబడకుండా నల్లంచు గాజు ఒకటి అతికించి ఇచ్చాడు. "అబద్ధం ఏమాడిన బావా? వాడు అడగలే, నేను చెప్పలే" అన్నాడు. రోజంతా ఇతరుల సంతకాలు సరిచూసే మనిషి నీతి అది.

నా వంతు వచ్చినప్పుడు మార్పిడి ఆర్డరు పెట్టిపెట్టింది అతనే. కంపెనీ వాళ్లు ప్రశ్నలు అడుగుతారు. తెర మీద గీతలున్నాయా, బటన్లు పనిచేస్తున్నాయా, బ్యాటరీ ఉబ్బిందా. నేను ఒక్కొక్కటే ఆలోచించి జవాబు చెప్పాను. కెమెరా పక్కన గోటితో తడిమితే తప్ప తెలియని గీత ఒకటి ఉంది, అదీ చెప్పాను.

"గిదేమన్న పెండ్లి సంబంధమా బావా, పిల్లకు చిన్నప్పుడు మశూచి వొచ్చిందని గూడ చెప్తానికి?" అన్నాడు.

"నువ్వు రాయి" అన్నాను.

ఆ రోజంతా నా మీద నాకు చాలా గౌరవం కలిగింది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. జరిగిందంతా ఆ గౌరవం వల్లే జరిగింది.

డెలివరీకి వచ్చిన మనిషి మా గల్లీకి కొత్తవాడు కాదు. నలభై దాటినవాడు, గడ్డం నెరుస్తోంది, ఏ ఇంటికి వచ్చినా ముందు చెప్పులు విడిచి నిలబడతాడు. బహదూర్‌పురా చౌరస్తా దాటాక తన సొంత నంబరు నుంచి ఫోను చేశాడు, ఇంట్లో ఉన్నానో లేదో కనుక్కోవడానికి. ఎప్పుడూ చేసే అలవాటు ప్రకారం ఆ నంబరు డైరీలో ఎక్కించాను. వచ్చాడు. కొత్త ఫోను డబ్బా ఇచ్చాడు. పాత ఫోనును తిప్పి తిప్పి చూశాడు.

"మస్తు సాఫ్ ఉంచిన్రు సాబ్. గీత గూడ రాసిన్రు. ఎవ్వలు రాయరు గిట్ల."

ఆ మాటకు లోలోపల పొంగిపోయాను. సిమ్ము కొత్త ఫోనులో వేసుకుని, దానికి వచ్చిన ఓటీపీ అంకెలు చెప్పాను, అతను తన ఫోనులో నొక్కాడు. పాత ఫోనును బల్ల మీద పెట్టి, దాన్ని వేసుకునే కవరు విప్పుతున్నాడు. అప్పుడే బయట నీళ్ల ట్యాంకరు హారను మొదలైంది. సందుకు అడ్డంగా అతని బండి ఉంది.

"ఏ భాయ్! బండి నీదేనా? తీస్తవా, ఎక్కించుకుంట పోనా?" అని ట్యాంకరు డ్రైవరు అరుపు.

"ఆయా భాయ్, ఆయా!" అంటూ సంచి భుజానికి వేసుకుని పరుగెత్తాడు. మా సందులో బండి పక్కకు జరిపే చోటు లేదు. ట్యాంకరు ముందు తన బండి నడుపుకుంటూ చివరిదాకా పోవాలి. పోయాడు. మళ్లీ రాలేదు. పాత ఫోను బల్ల మీదే ఉంది, పక్కన సగం విప్పిన కవరు.

ఇంతలో నా కొత్త ఫోనుకు సందేశం వచ్చింది. మీ పాత ఫోను అందింది, ధన్యవాదాలు అని.

బావమరిది మేడ దిగి వచ్చి అంతా విని పడీపడీ నవ్వాడు. "అందరు ఒకటిచ్చి ఒకటి తీస్కుంటరు. నువ్వు ఇయ్యకనే తీస్కున్నవ్. పైకెల్లి నీకే ధన్యవాదాలు చెప్తుండ్రు."

"అది నాది గాదు."

"మరెవరిది? మాకు ముట్టిందని వాండ్లే అంటుండ్రు. వాండ్లకు ముట్టినంక నీ బల్ల మీదెట్లుంటది? గిది ఫోనా, దయ్యమా? బీరువాల ఏస్కో బావా. కంపెనీకేం ఫికర్ లేదు, గసొంటియి రోజుకు ఎన్ని పోతయో."

కంపెనీకి ఫికరు లేకపోవచ్చు. కానీ తీసుకున్నానని నొక్కిన వేలు కంపెనీది కాదు, చెప్పులు విడిచి నిలబడ్డ ఆ మనిషిది. సాయంత్రం లెక్క అప్పజెప్పేటప్పుడు సంచిలో ఫోను లేకపోతే అతని గతి ఏమిటి? అప్పుడే నాకది తోచింది. తోచిన తరువాత ఏం చేశానో చెబుతాను.

నేను విద్యుత్ శాఖలో మీటర్ల స్టోరులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. కాలిన మీటరు తెచ్చి అప్పజెబితేనే కొత్త మీటరు ఇవ్వాలి. పాతది మరిచి వచ్చిన లైన్‌మన్‌ను వెనక్కి పంపించేవాణ్ణి, ఎంత దూరం నుంచి వచ్చినా. ఎవరైనా స్టోరులో ఏదైనా మరిచిపోతే చీటీ కట్టి అల్మారాలో పెట్టేవాణ్ణి. ఎవరిదో తెలిసినా కబురు పంపేవాణ్ణి కాదు. ఎవరు మరిచిపోతే వాళ్లే రావాలి, సంతకం పెట్టి తీసుకోవాలి. అలా నడిపితేనే ఒక్క వస్తువు తేడా రాకుండా రిటైరయ్యాను. వాళ్లు వెనక నన్ను ఏమని పిలిచేవారో తెలుసు, పట్టించుకోలేదు.

ఫోనునూ అలాగే చేశాను. కవరులో పెట్టి, పైన దాని నంబరూ తేదీ వేళా రాసి, అంటించి, బీరువాలో పెట్టాను.

"గా మనిషి నంబరున్నది గదా, ఫోన్ చెయ్యరాదుండ్రి?" అంది మా ఆవిడ.

"మర్చిపోయింది ఆయన. అక్కరుంటే ఆయనే వస్తడు. నేనెందుకు ఎంబడి పడాలె?"

"వొస్తడేమోనని ఉత్తగ కూసుంటరా?"

"కూసోను. పద్ధతి ప్రకారం చేస్త."

మరునాడు అతను రాలేదు. పద్ధతి ప్రకారం కంపెనీకి ఫోను చేశాను. ఆ మనిషికి చేస్తే ఒక మాట, గాలిలో పోతుంది. కంపెనీకి చేస్తే ఫిర్యాదు సంఖ్య ఇస్తారు, అది మిగులుతుంది. అంతకంటే వేరే ఆలోచన లేదు.

"సర్, మీ పాత ఫోన్ మాకు అందింది" అంది అవతలి అమ్మాయి.

"అది నా ముందున్నదమ్మా."

"లేదు సర్. అందినట్టే చూపిస్తోంది."

"నా చేతిల పట్టుకున్న."

"అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. అయితే మా వ్యక్తి తీసుకోకుండానే తీసుకున్నట్టు నమోదు చేశారని రాసుకోమంటారా?"

అక్షరాలా నిజం. "రాసుకో" అన్నాను. సంఖ్య చెప్పింది. కవరు మీద ఆ సంఖ్య కూడా వేసి, బావమరిదికి చూపించాను. చూడు, మనిషన్నవాడు ఎలా ఉండాలో అన్నట్టు.

మూడో రోజు ఎవరూ రాలేదు. నాలుగో రోజు మా ఆవిడ తెప్పించుకున్న కుక్కరు గాస్కెట్టు పట్టుకుని ఇంకొకతను వచ్చాడు.

"రోజొచ్చే అన్న ఏడి?" అని అడిగింది ఆవిడ.

"ఆయన ఐడీ బంద్ చేసిండ్రమ్మా. ఎవలిదో ఫోన్ మాయం చేసిండంట. కస్టమరే కంప్లైంట్ ఇచ్చిండు, తీస్కోకనే తీస్కున్నట్టు కొట్టిండని. ఐడీ లేకుంటే సామాను ఇయ్యరు, పనే లేదు. రోజొచ్చి చాంద్రాయణగుట్ట గోదాము కాడ నిలబడ్తుండు పాపం."

అతను వెళ్లేదాకా ఆగింది మా ఆవిడ. "గా మనిషి రోటీ మీ బీరువాల పెట్టి తాళమేసుకున్నరు. పైకెల్లి దానికి నంబరొకటి" అంది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి.

ఆటో కట్టించుకుని చాంద్రాయణగుట్ట వెళ్లాను. ఫ్లైఓవరుకు అవతల, షట్టరు సగం దించిన గోదాము. ఆ మనిషి బయట తన బండి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దిగాడు. సలాం చెయ్యలేదు. నా చేతిలోని కవరును చూశాడు, దాని మీద నా చేతిరాతను చూశాడు.

"మీ తాననేనా సాబ్ ఉన్నది?"

"బల్ల మీదనే మరిచిపోయినవ్. నువ్వొస్తవని జాగ్రత్త చేసిన."

"నాకెట్ల యాదుంటది? గా దినం ఎన్ని ఇండ్లు తిరిగిన. డెలివరీ అయినంక పేరు, నంబర్ అన్ని యాప్‌లకెల్లి పోతయ్. కంప్లైంట్ ఇచ్చింది ఎవలో గూడ చెప్తలేరు. నా ఫోన్‌ల చూస్తె అన్నీ ఉత్త నంబర్లే, ఏది ఎవలదో ఎరుక లేదు. ఒక ఇంటికి పోయి అడిగితె 'మమ్ములను దొంగలంటున్నవా' అని మీదికొచ్చిండ్రు. మీ గల్లీ దాక రెండుసార్లొచ్చిన సాబ్. మీరు సాఫ్ మనిషి, ఉంటె మీరే ఫోన్ కొడ్తరనుకుని మర్లిపోయిన."

కవరు పట్టుకుని లోపలికి నడిచాను.

గోదాము ఇన్‌చార్జి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కవరు చింపి ఫోను తీసి నంబరు సరిచూసుకున్నాడు. "మంచిది అంకుల్. ముట్టింది" అన్నాడు.

"ఆయన పని?"

"గది నా చేతుల లేదు. ఫిర్యాదు పైకి పోయింది. పై సాబ్ చూడాలె."

"ఫిర్యాదు ఇచ్చింది నేనే. ఎనక్కి తీస్కుంట."

"అది క్లోజ్ అయింది. క్లోజ్ అయిందాన్ని ఎట్ల తీస్కుంటరు?"

"కాయితం రాసిస్త. తప్పు నాది అని సంతకం పెడ్త."

"కాయితమా!" గోదాములో ఉన్న నలుగురి వైపు తిరిగి నవ్వాడు. "గా కాయితం ఏడ అతకపెట్టాలె అంకుల్, ఫ్లైఓవర్‌కా?"

స్టోరులో నేను కూడా ఇలాగే కుర్చీలో వెనక్కి వాలేవాణ్ణి. లైన్‌మన్లు అటువైపు నిలబడేవాళ్లు, చేతుల్లో ఏదో ఒక కాగితం పట్టుకుని. ఇతన్ని తిట్టడానికి నోరు తెరిచి, ఆ హక్కు నాకు లేదని తెలిసి మూసుకున్నాను.

"పై సాబ్ ఎప్పుడొస్తడు?"

"రెండింటికి. రాకపోవచ్చు గూడ."

బయటికి వచ్చి ఆ మనిషిని అడిగాను, నన్నేం చెయ్యమంటావని. "పోకుండ్రి. మీరు పోతే గీళ్లు ఏదైన చెప్తరు" అన్నాడు. అంతే, బతిమాలలేదు. పార్సిలు మూటలున్న చోట నాకో మూట చూపించాడు. కూర్చున్నాను. అతను నా పక్కన కూర్చోలేదు, బండి దగ్గరికి పోయాడు. మాకిద్దరికీ మధ్య మనుషులు సామాను మోస్తూ తిరిగారు.

పై అధికారి మూడింటికి వచ్చాడు. అందరూ వినేటట్టు చెప్పాను. ఫోను మా ఇంట్లోనే ఉందనీ, ఆ మనిషి నంబరు మొదటి రోజు నుంచీ నా దగ్గర ఉందనీ, ఫోను చెయ్యకుండా ఫిర్యాదు చేశాననీ.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆయన నంబర్ ఉండంగ మాకెందుకు చేసిండ్రు?"

"పద్ధతనుకున్న."

"ఏం పద్ధతండీ గది?"

ముప్పై రెండేళ్లు చెప్పిన మాటలు ఒక్కటీ నోట్లోకి రాలేదు. ఆయన తన ల్యాప్‌టాపులో ఏదో కొట్టి, ఎవరికో ఫోను చేసి, "రేపటి నుంచి ఐడీ తెరుస్తరు. ఈ మూడు దినాలది మాత్రం పోయినట్టే" అన్నాడు. షట్టరు దగ్గర నిలబడ్డ ఆ మనిషి తల ఊపాడు. నేను లేచి నా మూట దగ్గర నిలబడే ఉన్నాను, నావైపు చూస్తాడేమోనని. రేపు ఎన్నింటికి రావాలో ఇన్‌చార్జిని అడిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే బావమరిది ఎగతాళి చెయ్యడానికి కాచుకుని ఉన్నాడు. "నా మాట ఇని ఉంచుకుంటె గింత లొల్లి ఉండకపోతుండె బావా. నేనైతె కంప్లైంట్ ఇస్తుంటినా?" నిజమే. దొంగబుద్ధితో దాచుకునేవాడు కనీసం నోరు మూసుకుని ఉండేవాడు. ఎదురింటాయన బియ్యం డబ్బా మోసం చేసింది కంపెనీని. నా నిజాయితీ నేరుగా మనిషినే పట్టుకుంది.

పది రోజుల తరువాత మా ఇంటికి ఇంకో పార్సిలు వచ్చింది. తెచ్చినవాడు గాస్కెట్టు తెచ్చినతనే.

"ఆయన పనిల చేరిండా?" అన్నాను.

"చేరిండు సాబ్. నయాపూల్ దిక్కు తిరుగుతుండు."

"ఈ గల్లీ ఆయనదే గదా?"

అతను పార్సిలు మీద నా పేరు మళ్లీ చదివాడు. "గీ గల్లీ వొద్దని ఆయననే అడిగిండు సాబ్. వేరేటోళ్లకు ఇయ్యమన్నడు."

"సరిగ్గనే అడిగిండు" అన్నాను, పార్సిలు అందుకుంటూ.