తేట ఊట, బురద ఊట

గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు గాలికి ఒక వాసన పడుతుంది. నానిన మట్టి, కుళ్ళిన రెల్లు, పైన ఎక్కడో కొట్టుకుపోయిన పశువుల పాక, అన్నీ కలిసిన వాసన. పొద్దుట్నుంచీ ఈ బడి మేడమీద కిటికీలోంచి అదే కొడుతోంది, ఎవరో తెచ్చిచ్చిన కాఫీ కూడా సయించలేదు. దూరాన ఉన్నవాళ్ళు ఆహా మట్టివాసన అని మురిసిపోతారు. వాళ్ళకేం, మురుస్తారు. ఏటిగట్టు కింద పుట్టినవాళ్ళకి ఆ వాసన తగిలితే ముందు చూపు గట్టుమీదికి పోతుంది.

రాజోలు దగ్గర మా ఊరు గట్టుని ఆనుకునే ఉంటుంది. వరద రోజుల్లో నది మా కిటికీల కంటే ఎత్తున పారుతుంది, దానికీ మాకూ మధ్యన ఉన్నదల్లా ఆ మట్టిగట్టే. నా చిన్నతనంలో ఆ గట్టు కాపలా పిల్లలది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఎర్రనీరు తగిలిందంటే చాలు, ఒక్కో ఇంటి పిల్లలకి గట్టు వారన ఒక్కో ముక్క పంచేసేవారు. రేవు దగ్గర్నుంచి తాటితోపు దాకా మా ఇంటి పిల్లలది. చద్దన్నం తినకముందే, చెప్పులు లేకుండా, ఆ ముక్కంతా నడిచి గట్టు అడుగునుంచి నీళ్ళూరే ఊట ఎక్కడ పడిందో చూసి రావాలి. చెప్పులెందుకు వద్దంటే, నేల మెత్తబడిన సంగతి కంటికంటే ముందు అరికాలికి తెలుస్తుంది.

ఆ నడకలో ఎన్ని చూశామని! గుడ్లు నోట కరుచుకుని తాటిమట్టల మీదికి ఎగబాకే చీమలు, బొరియల్లోంచి కళ్ళు బయటపెట్టి మమ్మల్ని చూసి అడ్డంగా పరుగెత్తే పీతలు, గడ్డిమీద తడి రెక్కలు ఆరబెట్టుకుంటూ పట్టుకోబోతే చివరి క్షణాన లేచిపోయే తూనీగలు, తోపులో దభీమని పడే తాటిపళ్ళు. వాటిని కాల్చుకుని చీకుతుంటే పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుని మధ్యాహ్నం దాకా వేధించేది. ఇంటికొచ్చేసరికి పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసిన పొట్టిక్కలు ఉడికే వాసన. ఒళ్ళంతా బురద, కాళ్ళకి గీరలు, ఆకలి నకనకలాడేది. మా అమ్మ మమ్మల్ని బతిమాలి తినిపించిన రోజు ఒక్కటీ లేదు.

కానీ తిండికి ముందు మామ్మ ఉండేది. మా నాన్నని కన్నతల్లి. పొలం పనుల్లో నడుం వంగినా గొంతు మాత్రం వంగలేదు. లోపలి కొబ్బరి తియ్యకుండా ఉంచిన చిప్పలో ఊటనీళ్ళు పట్టి తెచ్చి ఆవిడ ముందు పెట్టాలి. ఆ తెల్లటి కొబ్బరి మీద పిసరంత మలినం ఉన్నా కనపడిపోతుంది. చిప్పని అరుగుమీద ఉంచి, తన అడ్డచుట్ట ఆరేదాకా ఎవర్నీ కదపనిచ్చేది కాదు.

"తేటగా ఉందనుకోండర్రా, గట్టుకి చెమట పట్టినట్టే. అడుగున మట్టి దిగిందా, గోదారి గట్టుని లోపల్నుంచి తినేస్తోందన్నమాట," అనేది.

ఒక వరదకి మా చిన్నాన్న కూతురు మేరీ తెచ్చిన చిప్పలో మట్టి దిగింది. మామ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, లేచి వెళ్ళి చర్చి గంట కొట్టించింది. మగవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ఊటని మూయకూడదని ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. మూస్తే ఇంకోచోట, ఇంకా పెద్దగా లేస్తుంది. చుట్టూ ఇసక బస్తాలు పేర్చి, నీళ్ళని పోనిచ్చి మట్టిని ఆపారు. సాయంత్రానికి ఊట తేటపడేదాకా మేరీ నా చెయ్యి వదల్లేదు. అయినా, మా మాట విని పెద్దవాళ్ళు పరుగెత్తారన్న గర్వం ఎంతుందో చెప్పలేను.

నేను తర్వాత టీచర్నయ్యాను. లెక్కలూ భూగోళమూ పుస్తకాల్లోంచే చెప్పుకొచ్చాను గానీ, నిదానించి చూడటం, చూసింది దాచుకోకుండా చెప్పటం నాకు గట్టే నేర్పింది.

ఇప్పుడా గట్టుమీద సిమెంటు రోడ్డు. దాని వాలు దాకా ఇళ్ళు, పెరళ్ళనిండా టైల్సు. మా కోడలు కువైట్‌లో నర్సు. మా అబ్బాయి సుధీర్‌కి రాజోల్లో కంప్యూటర్ల షాపు, కూతురు షారోన్ మీద పంచప్రాణాలు. "తల్లి దగ్గర లేని పిల్లమ్మా, ఏ పామో కరిస్తే నేనేం చెప్పను?" అని గేటుకి తాళం వేసుకుంటాడు. ఆ పిల్ల తూనీగని చూస్తే కెవ్వుమంటుంది, నిద్రలో ఉలిక్కిపడుతుంది, బళ్ళో ఒక్కచోట మనసు నిలవదని కబుర్లు. మొన్న వేసవిలో పోట్లాడి కొన్నాళ్ళు గట్టుమీదికి తిప్పాను. పిల్ల అడిగి అన్నం తింది, ఆదమరిచి నిద్రపోయింది, పీత అడ్డంగానే ఎందుకు నడుస్తుందని నా ప్రాణం తీసింది. ఇంతలో కాలికి జలగ పట్టింది. అంతే, మళ్ళీ తాళం, మళ్ళీ ఫోను.

ఇవాళ పొద్దున్న వంటింట్లో ఉంటే వచ్చి, "నాన్నమ్మా, పెరట్లో చాక్లెట్ పాలు వస్తున్నాయి, చూస్తావా?" అంది.

చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళాను. బోరింగు పక్కన, పిడికిలంత కంతలోంచి, ఎర్రగా, చిక్కగా, బుడబుడా.

"ఎప్పట్నుంచే?"

"మొన్న టైల్స్ మధ్యలోంచి వచ్చేయి. నాన్న సిమెంట్ పెట్టేసేరు. నిన్నట్నుంచి ఇక్కడ. నేను పడవలు వేసుకుంటున్నాను."

మూసేశాడు! గట్టు కింద పుట్టినవాడు ఊటని సిమెంటుతో మూసేశాడు! నా అరుపుకి సుధీర్ బయటికొచ్చాడు. "వాన నీళ్ళేమోలే అనుకున్నానమ్మా," అంటూనే వంగి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. చేతికి సన్నటి రేవడిమట్టి అంటుకుంది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఊరంతటికీ ఫోన్లు వెళ్ళాయి. గట్టు కిందివాళ్ళందర్నీ ఈ మేడమీదికి చేర్చారు. మగవాళ్ళు మా పెరట్లో బస్తాలు పేరుస్తున్నారు. ఎలా పేర్చాలో తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, ఇసక ఎక్కడో దూరంనుంచి ట్రాక్టరు మీద రావాలి. ఒకప్పుడు గట్టుకి కాపలా కాళ్ళు ఉండేవి, పిల్లలం మా అందరివీ. ఆ కాళ్ళిప్పుడు లేవు.

షారోన్ నా ఒళ్ళో దూరి, "నేను తప్పు చేసేనా నాన్నమ్మా? చెప్పాలని నాకెవరూ చెప్పలేదుగా," అంది.

తప్పు నీది కాదమ్మా అని దాని తల నిమురుతూ చుట్టూ చూశాను. గదినిండా పిల్లలు, గోడలకి జారబడి, ఫోన్లలో తలలు పెట్టుకుని. అప్పుడు తట్టింది నాకు. లేచి నిలబడి, బళ్ళో అడిగినట్టే అడిగాను.

"మీలో ఎవరింటి దగ్గరైనా, నేలలోంచి ఎర్రనీళ్ళు రావడం చూసేరా?"

తలలెత్తారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక గోడ దగ్గర్నుంచి ఒక పిల్లవాడు, "ఆయ్, మా బాత్రూం వెనకాల వస్తున్నాయండీ," అని చెయ్యెత్తాడు. ఆ పక్కన ఇంకో చెయ్యి. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి.

సుధీర్‌ని ఫోన్లో పిలిచి ఆ ఇళ్ళ పేర్లు చెప్పాను. మనుషుల్ని వెంటేసుకుని వాడు వెళ్ళి చాలాసేపైంది. నది ఇంకా పెరుగుతూనే ఉంది.