చెల్లె ఎగరని ఏడాది

మా చెల్లెది ఫిగర్ స్కేటింగ్. పాట పెట్టుకొని, ఒంటికాలి మీద జారి, ఎగిరి గాల్లోనే చుట్టు తిరిగి దిగాలి. మామూలుగా అది మంచు మీద చేస్తారు. మాకు మంచెక్కడిది? చక్రాల బూట్లతో చేసేది. శామీర్‌పేట దగ్గరి మా పొలాన్ని చాలామటుకు ప్లాట్లు చేసి అమ్మిన నాయిన, మిగిలిన ముక్కలో దానికోసం నున్నటి గచ్చు పోయించాడు. రాష్ట్ర పోటీల్లో గెలిచినప్పుడు మేడ్చల్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. అందులో చెల్లె కంటే దండం పెడుతున్న నాయినే పెద్దగా ఉన్నాడు.

జాతీయ పోటీలకు ముందు వైద్య పరీక్షలో దాని గుండె కండరం మందంగా ఉందని తేలింది.

"ఎగరొద్దు. అలుపొచ్చే పని ఏదీ చేయొద్దు" అన్నాడు డాక్టరు. మందులు రాశాడు.

నాయిన గచ్చు చుట్టూ కంచె వేయించి తాళం పెట్టాడు. బడి మాన్పించారు. వీధిలో పెళ్లి బరాత్ వస్తే, బ్యాండు చప్పుడుకు ఉలిక్కిపడుతుందేమోనని తలుపులన్నీ మూసేవాళ్లం. అది స్నానానికి పోతే, గడియ పెట్టనివ్వకుండా నేను బయట నిలబడేదాన్ని. దాని కాపలాకని నా డిగ్రీ ఆపేశారు. ఇద్దరం ఒకే గదిలో, ఒకే కిటికీకి చెరోపక్కన కూర్చునేవాళ్లం. ఒకరోజు టీవీ చూస్తూ అది గట్టిగా నవ్వింది. అమ్మ, అవ్వ, నేను ఒక్కసారే దానివైపు చూశాం.

"నవ్వొద్దని గూడ చెప్పుండ్రి" అని అటు తిరిగి పడుకుంది.

వానాకాలంలో మందులు మింగనని మొండికేసింది.

"గోలీలెందుకమ్మా? గీ గదిల ఇంకా మస్తు ఏండ్లు కూసునేతందుకా?"

గుమ్మంలో ఉన్న నాయిన ఆ మాట విన్నాడు. మర్నాడు ఒక్కడే డాక్టరు దగ్గరికి పోయి, ఎగరకుండా మెల్లగా జారొచ్చా అని అడిగి వచ్చాడు. చెయ్యి పట్టుకొని కొంచెంసేపైతే పర్వాలేదన్నాడట.

పొద్దున్నే తాళం తీసి, గచ్చు మీది ఆకులు తనే ఊడ్చాడు. మోకాళ్ల మీద కూర్చొని దాని బూట్ల లేసులు కట్టబోయాడు.

"గట్ల కాదు నాయినా, మడిమ కాడ గట్టిగ గుంజు."

దాని చెయ్యి పట్టుకొని పక్కనే నడిచాడు. అది మెల్లగా జారింది. ఎప్పుడూ ఎగిరే మూల దగ్గరికి రాగానే దాని మోకాలు తనంతట తానే వంగింది. నాయిన చెయ్యి బిగుసుకుంది. చెల్లె ఎగరలేదు. మోకాలు తిన్నగా చేసుకొని ముందుకు పోయింది. సంతోషపడుతుందనుకున్నాం. గేటు దగ్గరికొచ్చి, "చాల్, తాళమెయ్యి" అంది. నాలుగైదు రోజులకు మళ్లీ తనే అడిగింది. అట్లా చలికాలం దాకా తండ్రీబిడ్డలు పొద్దున్నే చెయ్యీ చెయ్యీ పట్టుకొని తిరిగారు.

చలి పోకముందే ఒక మధ్యాహ్నం, మంచం మీద నా పక్కన కూర్చొని బత్తాయి వొలుస్తూ నా భుజం మీదికి ఒరిగింది. నిద్రొచ్చిందనుకున్నాను. దానికి పదిహేనేళ్లు.

చెల్లె పోయాక, ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బు కావచ్చని డాక్టరు నాకూ పరీక్షలు చేయించాడు. నా గుండెకు ఏమీ లేదు. డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు మచ్చ బొల్లారంలో ఉద్యోగం చేస్తున్నాను. నేను బయల్దేరితే అమ్మ రోడ్డు దాకా వస్తుంది.

"ఉరకకు బిడ్డా, ఇంకో బస్సొస్తది."

ఆమె కనుచూపు మేరలో ఉన్నంతసేపు నేను ఉరకను. బస్సు కళ్లముందే కదిలిపోతుంది.