చందమామ నుంచి వచ్చిన మొగుడు

అద్దంకి చివర డేరాలో ఆ డబ్బింగు బొమ్మ ఆడింది నాలుగు రోజులే. దాని మీద తగాదా మాత్రం నెలంతా ఆడింది. కథ ఇంతే. ఒకడు రాకెట్టెక్కి చంద్రమండలానికి పోయి, ఏళ్లు గడిచాక తిరిగొచ్చి ఇంటి తలుపు తడతాడు. మొహం అదే, చూపు మాత్రం వేరు. వచ్చింది మొగుడా, వాడి రూపమెత్తిన మరేదో ప్రాణియా? పెళ్లాం గడియ మీద చెయ్యి వేస్తుంది. అంతలో తెర తెల్లబడింది. శుభం కార్డు కూడా వెయ్యలేదు దరిద్రులు.

నేల టిక్కెట్టు వాళ్లు తెర మీదికి ఇసుక విసిరారు. తలుపు తీస్తే చస్తుందని మగవాళ్లు, కట్టుకున్నవాడు గుమ్మంలో నిలబడితే తీయదా అని ఆడవాళ్లు వాదులాడుకున్నారు. తేల్చకుండా వదలడమే ఆ కథ గొప్పతనమని బడిపంతులు ఇమ్మానియేలు చెప్పబోతే, ఆయన్నీ నాలుగు దులిపారు.

సామ్రాజ్యం ఆ సినిమా చూడనే లేదు. తెల్లారితే మిరప కల్లంలో తాలుకాయలు ఏరుకునే మనిషి. అయినా బొమ్మ వచ్చి ఆవిడ నెత్తినే పడింది. ఆవిడ మొగుడు మాలకొండయ్య అస్సాంలో రైలు కట్ట పనికి పోయి, ఏడేళ్లు అయిపూ జాడా లేకుండా ఉండి, మూడు నెలల కిందటే తిరిగొచ్చాడు. జ్వరాలతో చిక్కి సగమయ్యాడు, తల నెరిసింది. పిలిస్తే తప్ప పలకడు. వచ్చిన రోజున అన్న పానకాలు కావలించుకుని ఏడ్చాడు. సినిమా చూశాక అదే పానకాలుకు, వీడు తన తమ్ముడేనా అన్న అనుమానం పుట్టింది. ఎందుకు పుట్టదు? తమ్ముడి వాటా ఎకరంన్నర చేను ఏడేళ్లుగా దున్నుకుంటున్నది అతనే మరి.

ఊరికి ఇంకేం కావాలి, రెండుగా చీలింది. సామ్రాజ్యానికి ఒళ్లు మండిపోయింది. గుడ్డ మీద కదిలే బొమ్మను నమ్ముతారు గానీ, ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిని నమ్మరా అని పక్కన కాయలేరే కొండమ్మ దగ్గర గింజుకుంది.

"పోనీ, నువ్వు నమ్ముతున్నావా?" అంది కొండమ్మ.

సామ్రాజ్యం తట్ట తీసుకుని అవతలి కుప్ప దగ్గరికి పోయి కూర్చుంది. వారం రోజులు కొండమ్మతో మాట్లాడనూ లేదు.

ఒక మధ్యాహ్నం పానకాలు, పెద్దమనిషి పేరయ్యను వెంటబెట్టుకుని కల్లంలోకే వచ్చాడు. బస్తాలు మోస్తున్న మాలకొండయ్యను నిలబెట్టి పాత సంగతులు అడిగారు. కొన్ని చెప్పాడు, కొన్నిటికి తల వంచుకున్నాడు. చివరికి పేరయ్య సామ్రాజ్యం వైపు తిరిగి, కాపురం చేసేదానివి నువ్వే గనక నువ్వే తేల్చమన్నాడు. కాదంటే చేను పానకాలుది, ఆ మనిషి ఊరు దాటాలి.

సామ్రాజ్యం లేచింది.

"బావగారూ, మీ తమ్ముడు కొడితే నా చెయ్యి విరిగింది. మీ గడపలో పడి ఏడిస్తే, మొగుడన్నాక కొడతాడు, సర్దుకుపొమ్మన్నారు. వీడు నా తమ్ముడేనా అని ఆ రోజు మీకు అనుమానం రాలేదే? ఈయన వచ్చి మూడు నెలలైంది, ఒక్కసారి చెయ్యెత్తలేదు. మీ తమ్ముడు కాదంటారా? సంతోషం. ఆ తమ్ముడొచ్చినప్పుడు మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఈయన్ని మాత్రం నేను పంపను."

మాలకొండయ్య భుజం మీది బస్తా దించాడు. ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు.

"ఎడమ చెయ్యి. పచ్చడి బండతో కొట్టాను. కూర చల్లారిందని."

బండ సంగతి, కూర సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్లిద్దరికే తెలుసు. ఆవిడ మొహం చూడగానే పేరయ్యకు అర్థమైంది. ఇంక అడిగేదేముంది, చేను మాలకొండయ్యదేనని చెప్పేశాడు. ఊరికి అనుమానం తీరింది.

సామ్రాజ్యం చేతిలోని కాయలు నేలకేసి కొట్టింది. మూడు నెలలుగా కొత్త మనిషికనుకుని వండి పెట్టింది. ఇకనుంచి పాత మొగుడికి వండాలి.