మామగారు కాఫీ తాగరు, వేస్తారు

లోకంలో కాఫీ తాగేవాళ్ళున్నారు, కాఫీ మానేశామని ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్ళున్నారు. కోడలికి దొరికిన మామగారు ఈ రెండు జాతుల్లోనూ లేరు. ఆయన కాఫీ వేస్తారు. కూరలో వేస్తారు, సూపులో వేస్తారు, గుడ్డట్టు మీద వేస్తారు. ఇతరులకు పెన్ను ఉండే జేబులో ఆయనకు కాఫీపొడి సీసా ఉంటుంది.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతారు. ఆ చుట్టుపక్కల స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగం మంది ఆయన శిష్యులు. మిగతా సగం ఆ శిష్యుల్ని తప్పించుకుంటూ నడిపేవాళ్ళు. శిష్యుడు వెళ్ళి పాలబండిని గుద్దినా సరే, ఈయనే ముందు దిగి, "నా కాలికింద ఇంకో బ్రేకుంది కదండీ, నేనే ఆలస్యంగా తొక్కాను, తిట్టేదేదో నన్ను తిట్టండి" అంటారు. పాలవాడు మొహమాటం లేకుండా తిడతాడు. అలా తిట్లు తినీ తినీ ఆయనకి ఒంటికి పట్టాయని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

అత్తగారి వంటకి చుట్టాల్లో పెద్ద పేరు. ఆవిడ చేతి కూర తిన్నవాళ్ళు రెండోపూటకీ ఉండిపోవడానికి ఏదో ఒక వంక వెతుక్కునేవారట. 'ట' అనక తప్పదు, ఎందుకంటే ఆ రుచి చూసే యోగం కోడలికి ఎప్పుడూ పట్టలేదు. ఆవిడ గిన్నె దింపీ దింపగానే ఈయన సీసా మూత తీసేవారు.

"నాన్నా, ఈ కూరేంటి ఇంత ఉప్పగా ఉంది?" అని కొడుకు మొహం చిట్లించేవాడు.

"కాఫీగింజ గుణం అది. ఉప్పుని పైకి లాగుతుంది."

"మరి నిన్న చప్పగా ఏడిసిందేం?"

"ఒక్కోసారి మింగేస్తుంది."

"అదెలాగండీ మామయ్యగారూ, లాగేదే మింగుతుందా?" అని కోడలు నిలదీసేది.

"నిన్నటిది వేరే తోట గింజమ్మా" అని ఆయన నిబ్బరంగా రెండోసారి వడ్డించుకునేవారు. ఇంత శాస్త్రం తెలిసిన మనిషిని బండి నేర్పడానికి వదిలేసిన ప్రపంచం మీద కోడలికి జాలేసేది.

ఎండలు ముదిరితే ఆయన పానీయాల మీద పడేవారు. పుచ్చకాయరసంలో కాఫీ, నారింజరసం మీద కాఫీ నురగ, నిమ్మరసంలో దాల్చినచెక్కతో కలిపి కాఫీ. పక్కింటి దర్జీ మర్యాదకి ఆ నిమ్మరసం ఒక గ్లాసు తాగాడు. ఆనాటినుంచి ఈ ఇంటివాళ్ళ కొలతలు కిటికీలోంచే తీసుకుంటున్నాడు. కాఫీని ఐసుగడ్డలుగా గట్టిపరిచి, చల్లటి పాలల్లో వేసి ఇచ్చినది మాత్రం అమృతంలా ఉందని కోడలు ఒకసారి నోరు జారింది. పాపం, నోరు జారినందుకు వారమంతా అదే తాగింది.

ఇలా ఉండగా, కోడలి అమ్మానాన్నలు పెళ్ళయ్యాక మొదటిసారి ఆదివారం భోజనానికి వస్తామని కబురు పెట్టారు. కోడలి తల్లి బడిపంతులమ్మ. కూరకైనా సరే మార్కులు వెయ్యందే మింగదు.

"మామయ్యగారూ, ఆదివారం ఒక్కపూట కాఫీ వద్దండీ" అంది కోడలు.

"చిటికెడు?"

"చిటికెడు కూడా వద్దు."

"పోనీ అందరం హోటలుకి వెళదామా?"

"అత్తయ్యగారి చేతి వంట మా అమ్మ తినాలండీ. నేను కూడా తినాలి, ఒక్కసారైనా!"

ఆయన మొహం మాడిపోయింది. "సరేనమ్మా" అన్నారు గానీ కోడలు నమ్మలేదు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, ఏ అద్దం పడుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. అంత చూపున్న మనిషి గనక శనివారమే ఇల్లు గాలించి, బీరువాలోదీ, మేజోళ్ళ మధ్యదీ, చివరికి ఆయన జేబులోదీ సీసాలన్నీ పట్టేసి తన సంచిలో దాచింది.

ఆదివారం అత్తగారు పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నారు. కోడికూర ఉడుకుతుంటే ఇల్లంతా ఘుమఘుమలాడింది. చుట్టాలు వచ్చి బల్లముందు కూర్చున్నారు. అత్తగారు మంచి బట్టలు కట్టుకోడానికి లోపలికి వెళ్ళారు. కోడలు ఆగలేక గరిటెడు పులుసు చేతిలో వేసుకుని నాకింది. ఇంకేముంది, సముద్రం మొత్తం నాలిక మీదకి వచ్చింది. ఉప్పు రెండుసార్లు పడిందో, మూడుసార్లు పడిందో!

వెనక్కి తిరిగేసరికి మామగారు గూట్లో డబ్బాలన్నీ దొంగలా వెతుకుతున్నారు.

"మామయ్యగారూ, కూరలో ఉప్పు..."

"తెలుసమ్మా, మెల్లిగా." ఆయన తలుపు దగ్గరికి వేశారు. "మీ పెళ్ళికి ముందు మీ అత్తయ్యకి పెద్ద జ్వరం వచ్చింది చూడు, అప్పట్నుంచి వాసనా లేదు, రుచీ లేదు. చేదొక్కటే ఎక్కడో కాస్త తగుల్తుందిట."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు. దానికి అంత చదువు చదివాడు."

"మాకెందుకు చెప్పలేదండీ?"

"ఒట్టు వేయించుకుంది. మీరంతా మంచివాళ్ళు కదమ్మా, వెంటనే జాలిపడతారు. 'అత్తయ్యా, మీరు కూర్చోండి' అని గరిటె లాక్కుంటావు నువ్వు. కూర్చుని అదేం చెయ్యాలి? వంటిల్లు లేకపోతే అది బతకలేదు."

"అందుకని ఈ కాఫీ..."

"రుచి ఎటు చెడినా నింద కాఫీ మీదకి పోతుంది. కాఫీ నాది, తిట్లు నావి. దానిమీద ఈగ వాలదు."

"మరి నిమ్మరసంలో ఎందుకు వేశారండీ?"

"కూరలో ఒక్కదాన్లోనే వేస్తే అనుమానం రాదూ?"

కోడలికి ఒళ్ళు మండింది. ఎవరిమీదో మొదట తెలియలేదు; తనమీదే అని తెలిశాక ఇంకా మండింది. బయటినుంచి తల్లి కేక వినిపించింది: "ఏమే, వడ్డించేదుందా, వాసన చూసి పొమ్మంటావా?"

"సీసా ఇలా ఇయ్యమ్మా, అవతల ఆలస్యమవుతోంది" అని మామగారు చెయ్యి చాపారు.

కోడలు సంచిలోంచి సీసా తీసింది గాని ఇవ్వలేదు. "మీరు వేశారంటే మా అమ్మ మిమ్మల్ని జన్మంతా ఏకేస్తుంది. నన్నంటారా, పుట్టినప్పట్నుంచీ ఏకుతూనే ఉంది" అని సీసాడు పొడీ కూరలో దులిపి, గిన్నె తీసుకెళ్ళి బల్లమీద పెట్టింది. అత్తగారు కూడా అప్పుడే వచ్చి కూర్చున్నారు.

"అమ్మా, కూర అత్తయ్యగారు బ్రహ్మాండంగా చేశారు. ఆఖర్న నేనే కాఫీపొడి వేశాను."

తల్లి ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు తేలేసింది. "ఇదేం కూరే! ఉప్పు కషాయమా?"

"కాఫీ ఉప్పుని పైకి లాగుతుందమ్మా. గింజ గుణం."

మంచినీళ్ళు తాగుతున్న మామగారికి పొలమారింది. కొడుకు పెళ్ళాంవైపు బెదురుగా చూసి, "నీక్కూడా అంటుకుందా?" అన్నాడు.

"వదినగారూ, మీకు మొహం చూపించలేకపోతున్నాను" అంది తల్లి అత్తగారితో. "మీ చేతి వంట నేలపాలు చేసింది. ఈ పిల్లని ఎలా భరిస్తున్నారండీ?"

అత్తగారు ఒక ముద్ద తిన్నారు. నెమ్మదిగా నమిలి, మొగుడివైపు ఒకసారి, కోడలివైపు చాలాసేపు చూశారు. మామగారు గ్లాసు వెనక దాక్కున్నారు.

"పోనివ్వండి వదినగారూ, చిన్నపిల్ల, చెయ్యి ఇప్పుడిప్పుడే తిరుగుతోంది" అని, కోడలి కంచంలో ఇంత కూర వడ్డిస్తూ అన్నారు ఆవిడ: "ఈసారి కాఫీ ఇంకాస్త ఎక్కువ వెయ్యవే అమ్మాయ్. నాకు చేదు సరిగ్గా అందలేదు."